కృష్ణ ఎడమ గట్టు గుట్టలు: ఒక వృక్ష చరిత్ర

హిమాలయాల్లో, ఆండీస్‌లో పర్వతాలు పైకి లేచేకొద్దీ చలి, గాలి, నేల మారిపోయి, లోయకొక గుంపుగా విడిపోయిన మొక్కలు కాలక్రమంలో వేర్వేరు జాతులయ్యాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతపు గుట్టల చరిత్ర ఇందుకు భిన్నమైనది. హిమాలయాలను లేపిన భూఫలకాల తాకిడికి వయసు సుమారు 5 కోట్ల ఏళ్లే కాగా, ఇక్కడి గ్రానైటుది దాదాపు 250 కోట్ల ఏళ్లు. చుట్టుపక్కల రాయి అరిగి కొట్టుకుపోగా గట్టిది గుట్టలై నిలిచింది; ఎండకూ పలుచని మట్టికీ ఓర్చుకోగలిగిన మొక్కలే వాటిపై మిగిలాయి.

కొండగోగు ఇందుకు చక్కని సాక్ష్యం. బండల నెర్రెల్లో వేళ్లు దించే ఈ చెట్టు ఎండాకాలం రాకముందే ఆకులన్నీ రాల్చి, మోడువారిన కొమ్మల చివర పెద్ద పెద్ద పసుపు పూలు పూస్తుంది; కాయ పగిలితే దూది అంటుకున్న గింజలు గాలికి ఎగిరిపోతాయి. బండల సందుల్లో పెరిగే మయూరశిఖి ఫెర్ను జాతిది, అంటే పూలూ గింజలూ లేకుండా సిద్ధబీజాలతో వ్యాపించే మొక్క. ఎండకు ముడుచుకుపోయిన దాని ఆకు తొలకరికి నెమలి పురిలా విచ్చుకుంటుంది.

దక్షిణాన మేళ్లచెరువు, మఠంపల్లి వైపు గ్రానైటు పోయి సున్నపురాయి వస్తుంది, నేలతోపాటు మొక్కల కూర్పూ మారుతుంది. ఇంకా దక్షిణాన శేషాచలం వంటి ఎత్తైన కొండల్లో ఎర్రచందనం వంటి స్థానీయ జాతులు, అంటే ఆ ప్రాంతానికే పరిమితమైనవి, నిలదొక్కుకున్నాయి.

ఈ గుట్టలకు శాస్త్ర గ్రంథాల్లో చోటు ఆలస్యంగా దక్కడానికి రాజకీయ సరిహద్దూ ఒక కారణం. వృక్షశాస్త్రవేత్త గ్యాంబుల్ ప్రారంభించిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాల గ్రంథం 1915 నుంచి 1936 వరకు భాగాలుగా వెలువడింది. కృష్ణకు అవతలి పలనాడు దాని పరిధిలోకి రాగా, ఇవతలి నల్లగొండ సీమ నిజాం రాజ్యంలో ఉన్నందున బయటే మిగిలింది. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీరు వచ్చాక మిర్యాలగూడ, కోదాడ మైదానాలు వరి మాగాణులయ్యాయి. పూర్వపు మెట్ట అడవి మొక్కలకు గుట్టలే ప్రధాన ఆశ్రయమయ్యాయి. ఆ గుట్టలు కంకర క్వారీలకు కరిగిపోకముందే, స్థానిక డిగ్రీ కళాశాలల వృక్షశాస్త్ర విభాగాలు ఒక్కో గుట్టపై ఉన్న మొక్కలను ఊరి పేర్లతో సహా నమోదు చేయాలి.