సైరన్ ఆగిన తర్వాత

పోయిన నెల మీటింగులో ఒక అక్కయ్య కొడుకు గురించి చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకుంది. లెక్కలు నోటితో చెప్పేస్తాడు, హోంవర్కు మాత్రం మొదలుపెట్టడు. పుస్తకం ఎక్కడ పెట్టాడో వాడికే తెలియదు. "బద్ధకం, నాలుగు తగిలిస్తే దారికొస్తాడు" అని మనలోనే ఒకరిద్దరు అన్నారు. అప్పుడు మేము నోరు విప్పలేకపోయాం. అందుకే ఇంత పొడవు పోస్టు.

సండూరులో పెరిగినవాళ్లకు బ్లాస్టింగు గురించి వేరే చెప్పాలా? 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్‌లో, కావెండిష్ దగ్గర రైలు మార్గం కోసం రాయి పేలుస్తున్నారు. రాతి రంధ్రంలో మందు కూరుతున్నది ఫినియాస్ గేజ్ అనే పాతికేళ్ల మేస్త్రీ. మందు అనుకోకుండా అంటుకుంది. మూడున్నర అడుగుల పైచిలుకు పొడవు, ఆరు కిలోల బరువు ఉన్న ఇనుప కడ్డీ అతని ఎడమ చెంపలోంచి దూరి నడినెత్తిలోంచి బయటపడింది. మనిషి బతికాడు. ఎద్దుబండిలో కూర్చుని ఊళ్లోకి వచ్చాడు కూడా!

చికిత్స చేసిన డాక్టర్ జాన్ హార్లో 1868లో రాసినదాన్ని బట్టి, గేజ్ జ్ఞాపకశక్తి బాగానే ఉంది. కానీ ఒకప్పుడు పని పక్కాగా చేయించిన మనిషి, ఏవేవో అనుకోవడం, అనుకున్నంతలోనే వదిలేయడం మొదలుపెట్టాడు. పాత కాంట్రాక్టర్లు మళ్లీ ఆ పని ఇవ్వలేదు. పనిని మొదలుపెట్టి, వరసలో నడిపి, ముగించే ఈ శక్తినే ఇప్పుడు ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ అంటున్నారు.

చాలామంది కథను ఇక్కడే ఆపేస్తారు. మాకు ముఖ్యం తర్వాతిది. 1852లో గేజ్ చిలీ వెళ్లి, కొన్నేళ్లపాటు గుర్రపు బండి తోలాడు. గుర్రాలను చూసుకోవాలి, వేళకు బయల్దేరాలి, రోజూ అదే దారి. ఆ కట్టుబాటే అతన్ని మళ్లీ నిలబెట్టి ఉంటుందని అతని మీద పరిశోధన చేసిన మాల్కమ్ మాక్‌మిలన్ వాదించారు. లోపల తెగిన వరసను బయటి పని అందించిందన్నమాట.

మన పిల్లలకు ఏ కడ్డీ తగల్లేదు. ఏడీహెచ్‌డీ, ఆటిజం ఉన్నవాళ్ల మెదడు ఎదిగే తీరే వేరు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు, తెలివి ఉండీ నిలకడ లేని పిల్లల మీద ఉపన్యాసాలు ఇచ్చారు. దండించినా వాళ్లు మారడం లేదని గమనించింది ఆయనే. అయినా దానికి పెట్టిన పేరు నైతిక నియంత్రణ లోపం! ఆ "నైతిక" అన్న ముక్క 120 ఏళ్లు దాటి మన మీటింగు హాలు దాకా వచ్చింది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలు ఉన్నాయి. ఆటిజం ఉంది, చదువులో వచ్చే ప్రత్యేక ఇబ్బందులు ఉన్నాయి, ఏడీహెచ్‌డీ పేరు లేదు.

ఇక మా ఇంటి సంగతి. మా నాన్నగారు గనిలో షిఫ్టు మనిషి. సైరన్ మోగితే క్యారియరు పట్టుకుని గుమ్మంలో ఉండేవారు. డ్యూటీకి ఒక్క రోజు ఆలస్యం లేదు. కరెంటు బిల్లు, స్కూలు ఫీజు, రేషన్ కార్డు మాత్రం అన్నీ అమ్మే. ఆయనకు ఇల్లు పట్టదనుకునేవాళ్లం.

2011 జులై 29న సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో తవ్వకాలు ఆపించింది. జీతాలు పోయిన కష్టం మీకందరికీ తెలుసు. నాన్నగారికి జీతంతో పాటు సైరన్ కూడా పోయింది. మధ్యాహ్నం దాకా స్నానం లేదు. సగం విప్పిన సైకిలు ఆరు నెలలు వసారాలోనే ఉండిపోయింది. మేము తిట్టాం, చాలా తిట్టాం.

తర్వాతెప్పుడో మా అబ్బాయిని బెంగళూరులో చూపించినప్పుడు, డాక్టరమ్మ వాడి గురించి అడిగిన ప్రశ్నల్లో సగానికి మాకు నాన్నగారే గుర్తొచ్చారు. ఆయన అప్పటికే లేరు.

ఇప్పుడు సాయంత్రం ఆరింటికి స్టీలు పళ్లెం మీద గరిటెతో మూడు దెబ్బలు కొడతాం. మావాడు పుస్తకం తీస్తాడు. ఒక్కోరోజు తీయడు, అప్పుడు పక్కన కూర్చుని మేమూ మా లెక్కల పుస్తకం తెరుస్తాం, కాసేపటికి తీస్తాడు. అక్కయ్యా, ఈ ఆదివారం మీ బాబును తీసుకుని మా ఇంటికి రండి. బల్ల పెద్దదే, ఇద్దరూ పడతారు.