ప్లూరోపల్మనరీ బ్లాస్టోమా

ప్లూరోపల్మనరీ బ్లాస్టోమా చిన్నపిల్లల ఊపిరితిత్తులలోను, వాటిని కప్పి ఉండే పొర (ఫుప్ఫుసావరణం)లోను పుట్టే అరుదైన క్యాన్సర్. ఇది ప్రధానంగా ఆరేళ్ళ లోపు పిల్లలలో కనిపిస్తుంది. 1988 వరకు దీనికి ప్రత్యేకమైన పేరు లేదు. పెద్దవారిలో వచ్చే పల్మనరీ బ్లాస్టోమా అనే మరొక క్యాన్సర్‌తో కలిపి దీనిని లెక్కించేవారు. ఈ రెండూ వేర్వేరు వ్యాధులని తేలిన తరువాత దీని వంశపారంపర్య లక్షణం బయటపడింది. 2009లో కారణమైన జన్యువు కూడా తెలిసింది.

పేరు

ఫుప్ఫుసావరణాన్ని వైద్యపరిభాషలో ప్లూరా అంటారు. పల్మనరీ అంటే ఊపిరితిత్తులకు సంబంధించినది. గ్రీకు భాషలో బ్లాస్టోస్ అనగా మొలక. పిండదశలోని అపరిపక్వ కణాలను పోలిన కణాలు గల కణితులను బ్లాస్టోమాలు అంటారు.

తొలి వర్ణనలు

1952లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు డబ్ల్యు. జి. బర్నార్డ్, పిండదశలోని ఊపిరితిత్తిని పోలిన ఒక కణితిని వర్ణించి దానికి ఎంబ్రియోమా అని పేరు పెట్టాడు. 1961లో హెర్బర్ట్ స్పెన్సర్ ఇటువంటి కణితులను పిల్లల మూత్రపిండాలలో వచ్చే నెఫ్రోబ్లాస్టోమాతో పోల్చి, పల్మనరీ బ్లాస్టోమా అనే పేరును ప్రతిపాదించాడు. ఆ పేరే స్థిరపడింది. తరువాత పిల్లలలోను, పెద్దలలోను కనిపించిన ఇటువంటి కణితులన్నిటినీ ఆ పేరుతోనే నమోదు చేశారు.

రెండు వ్యాధులుగా విభజన

1988లో కార్లోస్ మానివెల్, లూయిస్ డేనర్ తదితరులు 11 మంది పిల్లల కణితులను పరిశీలించి ఒక ముఖ్యమైన భేదాన్ని గుర్తించారు. పెద్దవారి పల్మనరీ బ్లాస్టోమాలో గ్రంథుల వంటి ఉపకళా కణాలు, వాటికి ఆధారమైన సంయోజక కణాలు, రెండూ క్యాన్సర్ లక్షణాలు కలిగి ఉంటాయి. పిల్లల కణితిలో సంయోజక కణాలు మాత్రమే క్యాన్సర్ కణాలు. ఉపకళా కణాలు కనిపించినా అవి క్యాన్సర్ కణాలు కావు. అందువలన వారు పిల్లల వ్యాధికి ప్లూరోపల్మనరీ బ్లాస్టోమా అని వేరే పేరు పెట్టారు.

రకాలు

నిర్మాణాన్ని బట్టి దీనిని మూడు రకాలుగా విభజించారు.

* మొదటి రకం: గాలితో నిండిన తిత్తులు మాత్రమే ఉంటాయి.
* రెండవ రకం: తిత్తులు, గట్టి కణితి రెండూ ఉంటాయి.
* మూడవ రకం: పూర్తిగా గట్టి కణితి.

వ్యాధి మొదటి రకం నుండి తరువాతి రకాలకు ముదరవచ్చు. అయితే మొదటి రకం తిత్తులన్నీ అలా ముదరవు. అపరిపక్వ కణాలు లేకుండా, ముదరకుండా మిగిలిన తిత్తులను ప్రత్యేక ఉపరకంగా గుర్తించారు.

2015లో ప్రచురితమైన 350 మంది రోగుల అధ్యయనం ప్రకారం, వ్యాధి నిర్ధారణ నాటి మధ్యస్థ వయస్సు మొదటి రకంలో 8 నెలలు, రెండవ రకంలో 35 నెలలు, మూడవ రకంలో 41 నెలలు. ఐదేళ్ళ తరువాత జీవించి ఉన్నవారు వరుసగా 91, 71, 53 శాతం. వ్యాధిని తిత్తి దశలోనే గుర్తించడం ఎంత అవసరమో ఈ అంకెల వలన తెలుస్తుంది. కాని ఈ తిత్తులు పుట్టుకతో వచ్చే సాధారణ తిత్తుల వలె కనిపిస్తాయి. ఎక్స్‌రే, సీటీ స్కాన్‌లతో మాత్రమే భేదం తెలియకపోవచ్చు. తొలగించిన కణజాలాన్ని సూక్ష్మదర్శినితో పరీక్షించవలసి ఉంటుంది.

జన్యువు గుర్తింపు

అరుదైన వ్యాధి కావడం వలన ఏ ఒక్క ఆసుపత్రిలోను తగినంత మంది రోగులు ఉండరు. అందుచేత వివిధ దేశాల రోగుల వివరాలను ఒకచోట చేర్చడానికి 1987లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో అంతర్జాతీయ నమోదు కేంద్రం ఏర్పడింది. 1996లో జాన్ ప్రీస్ట్ తదితరులు 45 మంది పిల్లల వివరాలు పరిశీలించగా, సుమారు నాలుగోవంతు మందిలో రోగికి గాని, దగ్గరి బంధువులకు గాని ఇతర కణితులు లేదా ఎదుగుదల లోపాలు కనిపించాయి.

2009లో ఆష్లీ హిల్ తదితరులు, ఈ వ్యాధి ఉన్న కుటుంబాలలో 14వ క్రోమోసోముపై గల డైసర్1 జన్యువులో ఉత్పరివర్తనాలు ఉన్నాయని సైన్స్ పత్రికలో ప్రకటించారు. ఈ జన్యువు తయారుచేయించే ఎంజైము పొడవైన ఆర్‌ఎన్‌ఏను చిన్న ముక్కలుగా కత్తిరిస్తుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏలు అనే ఆ ముక్కలు ఇతర జన్యువుల పనిని అదుపు చేస్తాయి. కత్తిరింపు సరిగా జరగకపోతే పిండదశలో కణాల ఎదుగుదల అదుపు తప్పుతుంది.

ప్రస్తుత స్థితి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 వర్గీకరణలో పల్మనరీ బ్లాస్టోమాను సార్కోమటాయిడ్ కార్సినోమాలలోను, ప్లూరోపల్మనరీ బ్లాస్టోమాను సంయోజక కణజాల కణితులకు చెందిన వర్గంలోను వేర్వేరుగా చేర్చారు. జన్యులోపం ఉన్న కుటుంబాలలో పుట్టిన శిశువులకు ఆ లోపం సంక్రమించినట్లయితే, 3 నుండి 6 నెలల వయస్సులో ఛాతీకి సీటీ స్కాన్ చేయించాలని 2018లో నిపుణులు సూచించారు. జన్యులోపం ఉన్నవారందరికీ ఈ క్యాన్సర్ రాదు.