కదలని 'డో', కదిలే 'డో'

పాట నేర్వడానికి బాల్యమే తగిన వయసని మనలో ఒక నమ్మకం కలదు. 1841లో లండనులోని ఎక్సెటర్ హాలులో జాన్ హల్లా సామూహిక గానతరగతులు ఆరంభించినాడు. మొదట బడిపంతుళ్ళ కోసం పెట్టినవే అయినా, త్వరలోనే ఇతరులూ వేలుగా చేరినారు. పారిసులో విల్హెమ్ రూపొందించిన పద్ధతినే ఆయన అనుసరించినాడు. అందులో 'డో' ఎప్పుడూ ఒకే నియత స్వరం. పాట శ్రుతి మారినా అది కదలదు. తొలిపాఠాలు సుఖంగానే సాగినవి. శ్రుతి మారిన పాటలు రాగానే పెద్దవయసు విద్యార్థులు దారి తప్పినారు.

ఆ సంవత్సరమే జాన్ కర్వెన్ అనే మతబోధకునికి, గానం నేర్పే తేలిక మార్గమొకటి వెదకుమని తోటివారు పని అప్పగించినారు. ఆయన విద్వాంసుడు కాడు. స్వరజ్ఞానం తానే కష్టపడి సంపాదించుకున్నవాడు. నారిచ్ నగరంలో శారా గ్లోవర్ అనే ఉపాధ్యాయిని పిల్లలకు నేర్పిన విధానం ఆయనకు ఆధారమైనది. అందులో పాట ఏ శ్రుతిలో ఉన్నా దాని ఆధారస్వరమే 'డో'. మన గాయకుడు తంబురాను ఏ శ్రుతికి మేళవించుకున్నా దానినే షడ్జమం అంటాడు గదా! మనకు వింతగా తోచని ఈ సంగతిపై అక్కడ చాలాకాలం వాదాలు సాగినవి. గీతల లిపికి బదులు మామూలు అచ్చక్షరాలే వాడినందున కర్వెన్ పుస్తకాలు చవకగా దొరికినవి.

అయినను హల్లాను మేము తక్కువ చేయము. పెద్దలు వేలుగా కూర్చుండి పాట నేర్వగలరని లండనుకు చూపినవాడు ఆయనే.