వెలయు విలువయు

వెల వేఱు, విలువ వేఱు. మొదటిది యొకనాటి బేరమును దెలుపును; రెండవది తరతరముల యనుభవమును దెలుపును. కళావిషయమున ఈ భేదము మఱుగుపడుచున్న కాలమున మనమున్నాము. కావున మన సీమలో జరిగిన కొన్ని సంగతులను బట్టి దీనిని విచారింప దలచితిమి.

పెద్దపల్లి జిల్లాలోని కమాన్‌పూరు సింగరేణి బొగ్గుగనుల ప్రాంతమున నున్న యూరు. వెల యననేమో అచ్చటివారి కొరులు నేర్పనక్కఱలేదు. భూమినుండి తీసిన బొగ్గును పరీక్షించి, అది యిచ్చు వేడిని బట్టి జీ-1 మొదలు జీ-17 వఱకు శ్రేణు లేర్పఱచి, శ్రేణిని బట్టి టన్నునకు ధర కట్టుదురు. కొలత యున్నది, కొలతకు దగిన వెల యున్నది. అదే యూరిలో బండపై వెలసిన ఆదివరాహస్వామిని జనులు కొలుచుచున్నారు. ఆ బండకు వెల కట్టినవాడు లేడు. అయినను దాని విలువను శంకించు భక్తుడును లేడు. చిత్ర మీ రెండింటి నడుమ నున్నది. బండవలె అది మనసునకు జెందినది; బొగ్గువలె అంగడికిని బోవుచున్నది. కాని బొగ్గునకున్న కొలత దానికి లేదు. చిక్కంతయు నిక్కడనే యున్నది.

తెలంగాణమున పూర్వులు ఈ చిక్కు నెట్లు విడదీసికొనిరో చేర్యాల పటములను జూచిన దెలియును. నకాశీలు గుడ్డకు సుద్దమట్టియు, చింతగింజల యంబలియు, జిగురును పూసి, ఎఱ్ఱని రంగు పఱచి, మూరలకొలది పొడవున పురాణకథలను వ్రాసెడివారు. వ్రాయించుకొన్నవారు నవాబులు గారు. ఊరూర కథ చెప్పి బ్రతుకువారు. ముదిరాజులకు కాకిపడగలవారు, పద్మశాలీలకు కూనపులివారు, గౌడులకు గౌడజెట్టివారు ఇట్లు కథ చెప్పెడివారు. పటము చెప్పువారికి పనిముట్టు, వినువారికి కులచరిత్రము. వెల యిచ్చువాడును విలువ నెఱిగినవాడును ఒక్కడే. పటము చినిగి పనికిరానిదైనప్పుడు దానిని నదిలో నిమజ్జనము చేసి క్రొత్తది వ్రాయించుకొనెడివారు. పాతదానిని దాచి లాభమున కమ్ముకొనుటకు ఆ యేర్పాటున చోటు లేదు. కావున బ్రతికియున్న చిత్రకారునకు పని దొరకుచుండెను.

ఈ యేర్పాటు దోషరహితమని మేమనము. కులపుగట్టుబాటులో చిత్రకారునకు తన యిచ్చవచ్చినది వ్రాయు స్వేచ్ఛ కొలదిగనే యుండెను. సినిమాయు, టెలివిజనును వచ్చి కథకుల యాదరణము తగ్గగా పటముల పనియు సన్నగిల్లినది. నేడు నకాశీలు గోడకు తగిలించు చిన్నపటములను, బొమ్మముఖములను జేసి యమ్ముచున్నారు. కథ నెఱుగనివాడును వానిని కొనుచున్నాడు. కొనుటయు మేలే, కాని వెలకును విలువకును నడుమ నెడ మేర్పడినది.

నగరమున ఈ యెడము మఱింత స్పష్టముగా గానవచ్చును. 1936వ సంవత్సరాంతమున అమృతా షేర్‌గిల్ తన చిత్రములను హైదరాబాదునకు దెచ్చి ప్రదర్శించెను. అప్పటి కామెకు 23 ఏండ్లు. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాను కళావస్తువులకు ధనము వెచ్చించుటలో దేశమున బేరొందినవాడు. ఆయన రెండు చిత్రముల నుంచుకొని, తుదకు కొనక త్రిప్పి పంపెనని ఆమె లేఖలవలన దెలియుచున్నది. లైటన్, బుగరో, వాట్సు మొదలగు పాతబడిన ఐరోపావారి రచనలకు అంత సొమ్మేల యని ఆమె ఆయన యెదుటనే నిర్మొగమాటముగా ననెనట! నవాబునొక్కనినే నిందించుట న్యాయము గాదు. ఆయన కూర్చినవే 1951లో ప్రజలు చూచు మ్యూజియమైనవి. కాని ఒక్కమాట నిశ్చయము: ధనమున్నచోట దృష్టియు నుండునను నియమము లేదు.

అమృత 1941 డిసెంబరు 5న లాహోరున 28 ఏండ్లకే మరణించెను. ఆమె 1937లో వ్రాసిన, కథ చెప్పు దృశ్యముగల యొక చిత్రము 2023 సెప్టెంబరున ఢిల్లీ వేలములో 61 కోట్ల 80 లక్షల రూపాయలకు బోయినది. విలువ యాలస్యముగానైన వెలగా మాఱును గదా యని కొందఱందురు. మేము దీనిని సగమే యొప్పుకొందుము. ఆమె రచనలు జాతీయ కళానిధులుగా బ్రకటింపబడినవి; దేశము దాటరాదు. పెక్కులు ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళామందిరమున నున్నవి. అంగడికి వచ్చునవి మిక్కిలి తక్కువ. కావున ఆ కోట్లలో కళయొక్క గొప్ప యెంతో, వస్తువుయొక్క కొఱత యెంతో వేఱుచేసి చెప్ప నెవరితరము? ఎంతయైనను అది చిత్రమునుంచుకొన్నవానికి జెందినది గాని వ్రాసినదానికి గాదు.

ఎం.ఎఫ్. హుస్సేను సంగతి యింకను విచిత్రము. రామమనోహర లోహియా ప్రేరణమున, హైదరాబాదులోని బదరీవిశాల్ పిత్తీ యాదరమున, ఆయన రామాయణమును చిత్రించెను. చేతిలో కాసులేని కాలమున ఎనిమిదేండ్లలో 150 చిత్రములు వ్రాసితినని చెప్పుకొనెను. ఆయనయే 1954లో వ్రాసిన ‘గ్రామయాత్ర’ 2025 మార్చిలో న్యూయార్కు వేలమున 118 కోట్ల రూపాయలకు బైగా పలికినది. ఆయన 2011లోనే మరణించెను. ఒక్కచేతి పనిలో ఒకటి ప్రేమకొఱకు, ఒకటి కోట్లకు! వెలను జూచి వీనిలో నేది గొప్పదో తేల్చగలమా?

చిత్రకారునకు న్యాయము చేయుటకు చట్టము లేకపోలేదు. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1994లో చేసిన సవరణమువలన, చిత్రము మరల 10 వేల రూపాయలకు మించి యమ్ముడైనప్పుడు వ్రాసినవానికో, వారసులకో నూటికి పదికి మించని భాగము రావలయును. హక్కు మరణానంతరము 60 ఏండ్ల వఱకే. ఇది కాగితముపై నున్నంతగా ఆచరణమున లేదు. వేలశాలల యార్భాటమును వర్ణించు పత్రికలు ఈ హక్కును గూర్చియు నడుగవలయును.

చట్టముకన్న ముఖ్యమైనది మన నడవడి. బడులు, గ్రంథాలయములు, పంచాయతీలు, గని సంస్థలు తమ గోడలకు అచ్చుబొమ్మలను మాని, బ్రతికియున్నవారిచేత తమ యూరి కథనే వ్రాయించినచో నేమి? గనికార్మికుని బిడ్డ దినదినము చూచు పటమునకు వేలమున వెల రాకపోవచ్చును. విలువ మాత్రము నాటినుండియే యేర్పడును. చనిపోయినవారి పనికి కోట్లు కట్టు దేశము, బ్రతికియున్నవారి పనికి దగిన కూలి కట్టుట నేర్చుకొనవలయును. అది కోటీశ్వరుల వలననే కావలసిన పని గాదు. చూచుట నేర్చిన సామాన్యుల వలనను గాగలదు.