నూతన వృత్తి – పురాతన గోష్ఠి
(డేటా, కృత్రిమ మేధా రంగములలోని ప్రాడక్ట్ మేనేజర్ల స్థానిక సమావేశముల చరిత్ర)

ఒక వృత్తి లోకమున నూతనముగా పుట్టినపుడు దానికి పాఠశాల యుండదు, పాఠ్యగ్రంథ ముండదు, పరీక్షయు నుండదు. ఆ పని చేయువారు నలుగురు ఒకచోట కూర్చుండి తమకు తెలిసినదియు, తెలియక చిక్కుపడినదియు చెప్పుకొనుటతోనే దాని విద్య ఆరంభమగును. ఇట్టి కూటములకు నేటి పట్టణములలో మీటప్ అను పేరు వ్యవహారములో నున్నది. పేరు కొత్తదే కాని వస్తువు మిక్కిలి పాతది. డేటా, కృత్రిమ మేధ అను రెండు రంగములలో ప్రాడక్ట్ మేనేజర్లుగా పనిచేయువారు తమ తమ ఊళ్లలో ముఖాముఖిగా కలిసికొను అలవాటు ఎట్లు ఏర్పడినదో, అట్టి సమావేశమును ప్రారంభింపదలచిన వారికి చరిత్ర యేమి నేర్పుచున్నదో ఈ వ్యాసమున విచారింతును.

బెంగుళూరు, చెన్నపట్టణము, పూనా, ముంబయి నగరములలో స్థిరపడిన తెలుగు కుటుంబముల యువతీయువకులలో ఈ వృత్తి నవలంబించినవారు అనేకులు కలరు. వారు చేయు పని యెట్టిదని ఇంటిపెద్దల నడిగిన, కంప్యూటరు ఉద్యోగమని చెప్పుటయే గాని వివరింపగల వారు తక్కువ. అల్పసంఖ్యాక భాషా పాఠశాలలో తెలుగు చెప్పుకొను ఉపాధ్యాయునకు ఈ విషయముతో నేమి పని యని పాఠకులు శంకింపవచ్చును. ఆ సంబంధము వ్యాసాంతమున విశదము కాగలదు.

వృత్తి యొక్క పుట్టుక

యంత్రమునకు ఆదేశములు వ్రాయువా డొకడు, తయారైన వస్తువును అమ్మువా డొకడు. ఏ వస్తువును, ఎవరి కొరకు, ఏల చేయవలెనో నిర్ణయించి, అది చక్కగా నెరవేరువరకు బాధ్యత వహించువాడు ప్రాడక్ట్ మేనేజరు. ఈ వృత్తికి మూలము సబ్బుల వ్యాపారమున నున్నది. అమెరికాలోని ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీలో కామే సబ్బు ప్రచారమును చూచుచుండిన నీల్ మెక్‌ఎల్రాయ్ అను యువకుడు 1931 మే నెలలో తన పైవారికి మూడు పుటల లేఖ వ్రాసెను. ఒక్కొక్క సరుకునకు ఒక్కొక్కరు పూర్తి బాధ్యులై యుండవలెననియు, వారు కొనువారిని స్వయముగా విచారింపవలెననియు అందలి సారాంశము. ఆ పద్ధతియే కాలక్రమమున కంప్యూటరు పరిశ్రమ వరకు వ్యాపించినది.

ఇచ్చట నొక విచిత్రమైన చారిత్రక సంబంధము కలదు. ఆ మెక్‌ఎల్రాయ్ 1957 నుండి 1959 వరకు అమెరికా రక్షణ కార్యదర్శిగా నుండెను. ఆయన కాలముననే, 1958లో, ఆర్పా అను పరిశోధనా సంస్థ ఏర్పడెను. కృత్రిమ మేధ యను పేరు అంతకు పూర్వమే 1955లో జాన్ మెకార్తీ మొదలగు నలుగురు వ్రాసిన ప్రతిపాదనలో వెలసి, 1956 వేసవిలో డార్ట్‌మత్ కళాశాలలో జరిగిన సమావేశముతో స్థిరపడినది. ఆ శాస్త్రమునకు 1963 మొదలు ఆర్పా విస్తారముగా ధనసహాయము చేసినది. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరులో 1937లో జన్మించి, మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివిన రాజ్ రెడ్డిగారు స్టాన్‌ఫర్డ్‌లో ఆ మెకార్తీ శిష్యులై 1966లో డాక్టరేటు పొందిరి. యంత్రము మనుష్యుని మాటను గ్రహించు విద్యలో వారు చేసిన కృషికి ఆర్పాయే పోషకము. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి వారు ట్యూరింగ్ బహుమానము నందిరి. సబ్బుల లేఖ వ్రాసినవాని సంతకముతో ఏర్పడిన సంస్థ తెలుగువాని పరిశోధనను పోషించుట యాదృచ్ఛికమే యైనను, నేడు ఒక్కటైన రెండు ధారలును అచ్చట నొకమారు సమీపించిన వనుట సత్యము.

పూర్వపు గోష్ఠులు

వృత్తిగోష్ఠుల చరిత్రలో మూడు ఉదాహరణములు ప్రత్యేకముగా స్మరింపదగినవి.

మొదటిది ఫిలడెల్ఫియాలో 1727లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ స్థాపించిన జంటో. సభ్యులు పన్నిద్దరు. ప్రతి శుక్రవారము సాయంకాలము కలిసికొనుచుండిరి. ప్రతి సభ్యుడును తన వంతు వచ్చినపుడు చర్చకు ప్రశ్నలు తేవలెను. మూడు మాసముల కొకసారి తాను వ్రాసిన వ్యాసము చదువవలెను. ఎదుటివానిని మొగముమీద ఖండించు మాటలకు స్వల్పమైన జరిమానా యుండెడిది. చేరదలచువారు హెచ్చినపుడు సంఘమును పెంచక, సభ్యులు వేరువేరుగా చిన్న గోష్ఠులు నెలకొల్పవలెనని నిశ్చయించిరి. అట్టివి అయిదారు ఏర్పడినవి. 1731లో వెలసిన గ్రంథాలయము ఆ గోష్ఠి ఫలమే.

రెండవది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ ప్రాంతపు లూనార్ సొసైటీ. జేమ్స్ వాట్, మాథ్యూ బౌల్టన్, జోసయా వెడ్జ్‌వుడ్, ఇరాస్మస్ డార్విన్ ప్రభృతులు 18వ శతాబ్ది ఉత్తరార్ధమున పున్నమి దినముల సమీపమున కూడుచుండిరి. రాత్రి ఇల్లు చేరుటకు వెన్నెల వెలుగు కావలెను గదా! సభ్యులు ఇంటికి మరలి పోవు దారిని గూర్చి సైతము ఆలోచించి దినమును నిర్ణయించుట గమనింపదగిన విషయము.

మూడవది 1975 మార్చి 5వ తేదీన కాలిఫోర్నియాలోని మెన్లోపార్కులో గార్డన్ ఫ్రెంచ్ ఇంటి కారుషెడ్డులో జరిగిన హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బు ప్రథమ సమావేశము. ఆనాడు వచ్చినవారు 32 మంది. రెండవ స్థాపకుడు ఫ్రెడ్ మూర్ జరిగినదంతయు వ్రాసి చిన్న పత్రికగా పంచిపెట్టెను. తరువాత లీ ఫెల్సెన్‌స్టీన్ సభను నడిపెను. మొదట ఒక్కొక్కరు లేచి తనకు కావలసిన దేమో, తనయొద్ద నున్న దేమో చెప్పవలెను. పిమ్మట అందరును లేచి ఎవరికి కావలసిన వారిని వారు కలిసికొనవలెను. ఈ రెండంచెల ఏర్పాటే ఆ సభకు ప్రాణము. ఆ మొదటినాటి సభలో నున్న స్టీవ్ వోజ్నియాక్ రూపొందించిన యంత్రమే 1976లో ఆపిల్ కంపెనీ తొలి సరుకైనది. ఆ సంవత్సరమే, తాము వ్రాసిన బేసిక్‌ను వెల చెల్లింపక నకలు చేసికొనుచున్నారని అభిరుచిపరుల నాక్షేపించుచు బిల్ గేట్స్ బహిరంగలేఖ ప్రకటించెను. పంచుకొనుటకును వ్యాపారమునకును గల ఈ వివాదము నేటికిని తీరలేదు. ఆ క్లబ్బు 1986 డిసెంబరు వరకు సాగినది.

వర్తమాన రూపము

న్యూయార్కులో 2002లో మీటప్ అను సంస్థ వెలసి, ఒక ఊరిలో ఒకే ఆసక్తి గలవారు కలిసికొనుటకు దినమును, స్థలమును కుదుర్చు సాధనమైనది. 2005 ఆగస్టులో పాలో ఆల్టోలో మొదటి బార్‌క్యాంప్ జరిగెను. ఆహ్వానము లేనివారికి ప్రవేశము లేని యొక సభకు బదులుగా పుట్టిన దగుటచే, అచ్చట ప్రేక్షకు లనువారు లేరు, వచ్చినవారందరు పాల్గొనవలసినదే. ఆ పద్ధతినే అనుసరించి 2008లో సిలికాన్ వ్యాలీలో ప్రాడక్ట్‌క్యాంప్ జరిగెను. 2010లో లండనులో మార్టిన్ ఎరిక్సన్ ప్రారంభించిన ప్రాడక్ట్‌ట్యాంక్ నూటికి పైగా నగరములకు ప్రాకినది. డేటా సైంటిస్టు అను ఉద్యోగనామము సుమారు 2008లో డి.జె. పాటిల్, జెఫ్ హామర్‌బాకర్ అనువారి వలన ప్రచారమునకు వచ్చినది.

మన పొరుగుననే యున్న బెంగుళూరు ఈ చరిత్రలో వెనుకబడలేదు. 2001లో లైనక్స్ బెంగుళూరు సభలు మొదలైనవి. 2006లో అచ్చట బార్‌క్యాంప్ జరిగెను. 2012లో హ్యాస్‌గీక్ సంస్థ డేటా విషయమై ఫిఫ్త్ ఎలిఫెంట్ అను సభను ప్రారంభించెను. 2020లో కోవిడ్ వ్యాధి వలన కూటములన్నియు తెరలమీదికి తరలిపోయినవి. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వెలువడిన పిదప ప్రాడక్ట్ మేనేజర్ల పనికి కృత్రిమ మేధ ముఖ్యభాగమైనది. ముఖాముఖిగా కలిసికొనవలసిన అవసరము ఇంతకుముందు కంటె హెచ్చినది.

ఏల ముఖాముఖి?

సాధారణమైన కంప్యూటరు కార్యక్రమము ఒకే ప్రశ్నకు ఒకే సమాధాన మిచ్చును. కృత్రిమ మేధ అట్లు కాదు. అది సంభావ్యతపై ఆధారపడినది. ఒకే ప్రశ్నకు రెండుమార్లు రెండు విధముల బదులు చెప్పవచ్చును. ఎంత తప్పు సహింపదగినది, ఎవరి విషయమున తప్పు జరుగుచున్నది, ఏ డేటాతో పరీక్షింపవలెను అను నిర్ణయములు మేనేజరు మీద పడును. విజయములను గూర్చి అందరును వ్రాయుదురు. పొరపాట్లను గూర్చి వ్రాసిన ఉద్యోగమునకు ముప్పు; అవి నమ్మకము గల నలుగురి నడుమనే బయటపడును. ఇందుకు లండనులోని చాథమ్ హౌస్‌లో 1927లో ఏర్పరచిన నియమము మిక్కిలి అనుకూలము. సభలో విన్న విషయమును వాడుకొనవచ్చును గాని, చెప్పినవాడెవడో బయటపెట్టరాదు. యజమాని రహస్యములు, వ్యక్తుల వివరములు సభలో చెప్పనే కూడదనుట దానికి జోడింపవలసిన నియమము.

సభలో ఎవరు కూర్చుందురను ప్రశ్నయు చిన్నది కాదు. 2018లో జాయ్ బులామ్విని, తిమ్నిత్ గెబ్రూ అను పరిశోధకురాండ్రు ముఖమును చూచి స్త్రీపురుష భేదము చెప్పు యంత్రములను పరీక్షించిరి. తెల్లని పురుషుల విషయమున 0.8 శాతమునకు మించని తప్పు, నల్లని స్త్రీల విషయమున 34.7 శాతము వరకు నుండెను. నిర్మాతలు ఆ భేదమును వేరుగా కొలిచి చూచియుండిన నది ముందే తెలిసి యుండెడిది. కొలువవలెనని అడుగువారు కూర్చున్నచోట లేకున్న, కొలత యుండదు.

మనకు గల సంబంధము

2011 జనాభా లెక్కల ప్రకారము దేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. తమిళనాడులో సుమారు 42 లక్షలు, కర్ణాటకలో 35 లక్షలకు పైగా నున్నారు. కోలారు, హోసూరు ప్రాంతముల తెలుగు కన్నడ తమిళముల సహవాసముతో తనదైన పలుకుబడి నేర్పరచుకొన్నది. విజయవాడ వార్తల తెలుగుతో మాత్రమే శిక్షణ పొందిన యంత్రము మన అవ్వల మాటను గ్రహింపలేకపోయిన, తప్పు అవ్వది కాదు. ఆమె మాటను పరీక్షలో చేర్చనివారిది. మా పాఠశాలలలో పిల్లలు ఇంటి తెలుగు, పుస్తకపు తెలుగు, రాష్ట్రభాష, ఇంగ్లీషు నాలుగింటి నడుమ పెరుగుచున్నారు. రేపటి పాఠములు యంత్రము ద్వారా వచ్చునెడల, వారి ఇంటి పలుకు అందు తప్పుగా లెక్కింపబడునా, తెలుగుగా లెక్కింపబడునా యనునది మా ఎదుట నున్న ప్రశ్న. ఆ నిర్ణయము చేయువారు ఈ సమావేశములలో కూర్చుండువారే. భాషోపాధ్యాయునకు ఈ విషయముతో గల పని యిదియే.

ప్రారంభించు విధానము

పై చరిత్రనుండి ఆచరణకు కొన్ని సూత్రములు తేలుచున్నవి. పది పన్నిద్దరితో ఆరంభింపవలెను. పెరిగిన చీలి వేరొక పేటలో మరియొకటి పెట్టవలెను. నెలలో ఒక దినమును స్థిరపరచి, వచ్చినవారు ఇద్దరైనను ఆ దినము తప్పరాదు. వెన్నెలను చూచుకొన్న లూనార్ సభ్యులవలె, బస్సు, మెట్రో వేళలను చూచుకొని, స్త్రీలును నిర్భయముగా ఇల్లు చేరు సమయమునకు ముగింపవలెను. ప్రతి సభకు ఒక ప్రశ్న, ఆ ప్రశ్నతో నిజముగా బాధపడినవాని అనుభవము ముఖ్యముగా నుండవలెను. సరుకు అమ్మదలచువానికి వేదిక నీయరాదు. చివర అరగంట మాటలకై విడువవలెను. పేర్లు లేకుండ సారాంశము వ్రాసి ఉంచవలెను. నడుపు భారము ఏటేట మారవలెను. ఒక్కని ఉత్సాహముపై నిలిచిన సభ అతని బదిలీతో అంతమగును. అన్నింటికి మించి, ఆ యంత్రమును వాడుకొను సామాన్యుడొకడు, ఉపాధ్యాయుడో, నర్సో, దుకాణదారో, ప్రతి సభలో నుండవలెను. 1931నాటి లేఖ చెప్పినదియు, కొనువారిని స్వయముగా విచారింపు మనియే గదా.

పరరాష్ట్రములలోని మన తెలుగు సంఘములకు అనేక స్థలముల సొంత భవనములు కలవు. ఉగాదికి, వార్షికోత్సవమునకు నిండి, తక్కిన దినములలో తాళము వేసియుండు గదులును కలవు. నెల కొక సాయంకాలము ఒక గదిని మన యువతకు తెరచి యిచ్చి, దీపమును, త్రాగునీటిని అమర్చిన చాలును. వారి భాష ఇంగ్లీషే కానిండు, వారి సహచరులు కన్నడిగులు, తమిళులు, మహారాష్ట్రులు కానిండు. ఆ గదిలో వెనుక వరుసను మన అవ్వ యొకతె కూర్చుండి తన మాటను ఆ యంత్రమునకు వినిపించినయెడల, చర్చ చేయువారికి తమ పని యెవరి కొరకో ప్రత్యక్షముగా తెలియగలదు. సంఘముల పెద్దలు ఈ సూచనను తమ కార్యవర్గముల యెదుట నుంచి విచారింతురు గాక యని ప్రార్థించుచున్నాను.