దఫ్తరం ఒక అమానత్: ఖాజీల దీవాన్ నుండి విశ్వవిద్యాలయాల ఈ-మెయిల్ వరకు

విశ్వవిద్యాలయంలో ఒక శాఖాధిపతి పదవీ విరమణ చేసినప్పుడు ఆయన గది తాళంచెవి, బీరువాలోని ఫైళ్లు, లెక్కల పుస్తకాలు తరువాత వచ్చిన వారికి అప్పగించబడతాయి. కాని ఆయన ఈ-మెయిల్‌లో నిలిచి ఉన్న వేలాది ఉత్తరాల సంగతి ఏమిటి? విద్యార్థి విన్నపం, పరీక్షాపత్రం పునఃపరిశీలన, నియామకాల చర్చ, పరిశోధనకు వచ్చిన నిధుల లెక్క - ఇవన్నీ నేడు అక్కడే ఉంటాయి. అవి ఆ వ్యక్తి సొత్తా, సంస్థ సొత్తా? ఎంతకాలం ఉంచాలి? వేటిని, ఎవరి అనుమతితో తొలగించాలి? ఇవి కంప్యూటర్ యుగంలో పుట్టిన సమస్యలుగా కనిపించవచ్చు. అయితే వీటి మూలప్రశ్నను ఇస్లామీయ ధర్మశాస్త్రవేత్తలు వెయ్యి సంవత్సరాలకు పూర్వమే చర్చించి, స్పష్టమైన సమాధానం చెప్పి ఉన్నారు.

వ్రాతకు ఇస్లాం ఇచ్చిన స్థానం సుప్రసిద్ధమే. దివ్యఖుర్‌ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయత్ రుణపత్రాన్ని గురించినది. అప్పు చిన్నదైనా పెద్దదైనా దాని గడువుతో సహా వ్రాసుకోవాలనీ, వ్రాయసగాడు వ్రాయడానికి నిరాకరించరాదనీ ‘అల్ బఖర’ సూరాలోని ఆ 282వ ఆయత్ ఆదేశిస్తుంది. హజ్రత్ అబూబక్ర్ (రజి) కాలంలో హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) సేకరించిన ఖుర్‌ఆన్ ప్రతి మొదట ఖలీఫా వద్ద, ఆయన తరువాత హజ్రత్ ఉమర్ (రజి) వద్ద, అటు పిమ్మట హజ్రత్ హఫ్సా (రజి) వద్ద భద్రపరచబడింది. ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చిందో చరిత్రకు తెలియడమే ఆ భద్రతకు ప్రాణం.

న్యాయస్థానాలలో తీర్పులు నమోదు చేసే అలవాటు ఎట్లా మొదలయిందో చరిత్రకారుడు అల్ కిందీ ఈజిప్టు ఖాజీల చరిత్రలో చెప్పాడు. హజ్రత్ ముఆవియా (రజి) కాలంలో అక్కడ సులైమ్ ఇబ్న్ ఇత్ర్ ఖాజీగా ఉండేవాడు. ఒక వారసత్వపు తగాదాలో ఆయన తీర్పు చెప్పగా కక్షిదారులు వెళ్లిపోయారు. కొంతకాలానికి ఆ తీర్పు విషయంలోనే భేదించి తిరిగి ఆయన వద్దకే వచ్చారు. అప్పుడాయన మరల తీర్పు చెప్పి, దానిని వ్రాయించి, సైన్యప్రముఖులచేత సాక్ష్యం చేయించాడు. ఈజిప్టులో తీర్పును నమోదు చేసిన మొదటి ఖాజీ ఆయనే అని అల్ కిందీ అంటాడు. మనిషి జ్ఞాపకం మీద ఆధారపడిన న్యాయం నిలువదని అనుభవమే నేర్పింది.

కాలక్రమేణా ప్రతి ఖాజీ వద్ద ఒక దీవాన్ ఏర్పడింది. దీవాన్ అనగా విచారణను నమోదు చేసిన మహ్జర్లు, తీర్పులను నమోదు చేసిన సిజిల్లులు, వక్ఫ్ పత్రాలు, యతీముల ఆస్తుల వివరాలు మొదలైనవి ఉంచిన సంచుల సముదాయం. మరి ఖాజీ మారినప్పుడు దీవాన్ ఏమి కావాలి? హిజ్రీ 261లో మరణించిన అల్ ఖస్సాఫ్ తన ‘అదబుల్ ఖాజీ’ గ్రంథంలో ఈ అప్పగింతను చర్చించాడు. హిజ్రీ 593లో (క్రీ.శ. 1197) మరణించిన అల్ మర్గీనానీ ‘హిదాయా’లో దానిని మరింత సంగ్రహంగా వివరించాడు. ఈ గ్రంథం భారతదేశపు మద్రసాలలో తరతరాలుగా పాఠ్యగ్రంథం.

‘హిదాయా’ చెప్పిన పద్ధతి ఇది. కొత్త ఖాజీ తన నమ్మకస్తులను, అనగా అమీన్‌లను పంపాలి. పాత ఖాజీ గాని, ఆయన తరఫు మనిషి గాని ఎదుట ఉండగా వారు దీవాన్‌ను స్వాధీనం చేసుకోవాలి. ఒక్కొక్క పత్రం ఏమిటో అడిగి తెలుసుకోవాలి. కొత్తగా వచ్చిన ఖాజీకి గందరగోళం కలగకుండా ఒక్కొక్క రకాన్ని ఒక్కొక్క సంచిలో పెట్టాలి. పదవి పోయిన ఖాజీ సామాన్యులలో ఒకడు. కనుక ఆయన నోటిమాట మాత్రమే ప్రమాణం కాదు. చెరసాలలో ఉన్నవాని విషయంలో సాక్ష్యం లేనప్పుడు, వానిమీద హక్కు ఉన్నవారు వచ్చి చెప్పుకోవాలని చాటింపు వేయించి విచారించిన తరువాతనే విడుదల చేయాలి. దీవాన్ చెదిరితే ఎవరికి నష్టమో ఇక్కడ తేటతెల్లమవుతుంది. నష్టపోయేది ఖాజీ కాదు. చెరసాలలోని బందీ, ఆస్తి పోయిన యతీమ్, వక్ఫ్ ఆదాయం మీద బ్రతికే పేద.

అంతకంటే ముఖ్యమైనది కాగితం ఎవరిదన్న ప్రశ్న. కాగితం బైతుల్ మాల్ నుండి వచ్చినదైతే పాత ఖాజీ అప్పగించి తీరాలి. ఇందులో సందేహం లేదు. కక్షిదారులు తెచ్చి ఇచ్చినదైతే? అప్పుడూ అప్పగించవలసిందే. ఎందుకంటే వారు ఇచ్చింది ఆయన పదవికి, ఆ పని ఇప్పుడు మరొకరికి చేరింది. ఖాజీ తన సొంత డబ్బుతో కొన్నదైతే? సరియైన అభిప్రాయం ప్రకారం అప్పుడు కూడా అప్పగించవలసిందే. ఆయన దానిని ధర్మబాధ్యతగా ఉంచుకున్నాడే గాని ఆస్తిగా సంపాదించలేదు. సొంత ఈ-మెయిల్ ఖాతాలో విశ్వవిద్యాలయ వ్యవహారాలు నడిపే ఆచార్యులకు ఇంతకంటే సూటియైన సమాధానం దొరకదు. ఖాతా ఎవరిదైనా, ఉత్తరం పదవిది.

అయితే భద్రపరచడమంటే ప్రతి కాగితాన్ని శాశ్వతంగా పోగుచేయడం కాదు. హజ్రత్ ఉస్మాన్ (రజి) ప్రామాణిక ప్రతులు సిద్ధం చేయించి, వాటిని ప్రాంతాలకు పంపి, హజ్రత్ హఫ్సా (రజి) ప్రతిని ఆమెకు తిరిగి ఇచ్చి, తక్కిన వ్రాతలను దహనం చేయించారు. ఆ తొలగింపు సహాబీల సమక్షంలో, బహిరంగంగా, బాధ్యుడైన పాలకుని ఆజ్ఞతో, ప్రామాణికమైనది భద్రమైన తరువాతనే జరిగింది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ 1931లో ఇస్తాంబుల్‌లో కనిపిస్తుంది. అక్కడి ఆర్థికశాఖ కాగితాలలో ఉన్న ఉస్మానీయ కాలపు పత్రాలు చిత్తుకాగితాలుగా బల్గేరియాకు అమ్ముడుపోయాయి. ముఅల్లిమ్ జెవ్‌దెత్ వంటి పండితులు గగ్గోలు పెట్టారు. బల్గేరియాలో వాటి విలువ గుర్తించబడినందున ఎన్నో పత్రాలు సోఫియా జాతీయ గ్రంథాలయానికి చేరాయి. ఒక సామ్రాజ్యపు చరిత్రలో కొంత భాగాన్ని తూకానికి అమ్మినవారు ద్రోహులు కారు; ఏది ఉంచాలో నిర్ణయించే నియమం లేని ఉద్యోగులు మాత్రమే.

సాధారణమైన కాగితం ఎంత విలువైనదో హైదరాబాదు కూడా సాక్ష్యం చెబుతుంది. తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో షాజహాన్, ఔరంగజేబుల కాలపు మొగలు పత్రాలు పెద్దసంఖ్యలో ఉన్నాయి. వాటిలో చాలావరకు సైనికుల, గుర్రాల హాజరు పట్టీలు, జీతాల లెక్కలు. వాటిని వ్రాసిన మున్షీలకు తాము చరిత్ర వ్రాస్తున్నామన్న ఊహ ఉండి ఉండదు. దక్కను చరిత్రకు నేడు అవే ఆధారాలు.

ఆధునిక చట్టం కూడా ఈ దారినే వచ్చింది. కేంద్రప్రభుత్వానికి, దాని నిధులతో నడిచే చట్టబద్ధ సంస్థలకు వర్తించే 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం కంప్యూటర్ ద్వారా తయారైన సామగ్రిని కూడా రికార్డుగానే పరిగణిస్తుంది. నిర్ణీత పద్ధతిలో తప్ప రికార్డును నాశనం చేయరాదంటుంది. ప్రతి కార్యాలయానికి ఒక రికార్డు అధికారి ఉండాలంటుంది. ఆ అధికారి పూర్వపు అమీన్‌కు వారసుడే. 2005 నాటి సమాచార హక్కు చట్టం ‘సమాచారం’ అన్న మాటకిచ్చిన నిర్వచనంలో ఈ-మెయిల్‌ను పేరు పెట్టి చేర్చింది.

కనుక విశ్వవిద్యాలయాలు చేయవలసింది కొత్తదేమీ కాదు. పదవి వ్యవహారాలను పదవి ఖాతాలోనే నడపాలి. ఉత్తరాలను రకాల వారీగా వేరుచేసి ఒక్కొక్క రకానికి గడువు నిర్ణయించాలి. గడువు తీరినదాన్ని వ్రాతపూర్వకమైన అనుమతితోనే తొలగించాలి. పదవి వదిలేవారు ఖాతా మూసివేతకు ముందే అమీన్ ఎదుట అప్పగింత పూర్తిచేయాలి. వ్యక్తిగతమైన ఉత్తరాలను ముందే వేరుచేసి వారికే వదలాలి. ఇతరుల గుట్టు కాపాడడం కూడా అమానతే.

మార్కుల పట్టీ పోయిన విద్యార్థి పదేళ్ల తరువాత ఉద్యోగం కోసం కార్యాలయ ద్వారం వద్ద నిలబడినప్పుడు, అతనికి న్యాయం జరిగేదీ లేనిదీ ఎప్పుడో ఎవరో చేసిన అప్పగింత మీద ఆధారపడి ఉంటుంది. ఇహంలో ఆ అప్పగింతకు జవాబుదారీ తరువాతి అధికారికి, పరంలో అల్లాహ్‌కు.