పీచు, పాత కంకర, ఇంకో బకెట్టు నీళ్ళు

"మన పూర్వీకులు వెయ్యేళ్ళ కిందటే ఫైబర్ కాంక్రీటు వాడారు తెలుసా?" అన్నాడు ఈ మధ్య ఓ మిత్రుడు. సగం నిజమే. మట్టిగోడలో గడ్డి కలిపారు, పాత ఇటుకలు దంచి సుర్కీగా సున్నంలో వేశారు. కానీ ఈజిప్టువాళ్ళూ ఇటుకల మట్టిలో గడ్డి తొక్కారు, రోమన్లూ పగిలిన పెంకులు దంచి సున్నంలో కలిపారు. మరి వాళ్ళు ఏ వేదం చదివారో!

వాళ్ళెవరి దగ్గరా లేనిది కొలత. 1918లో అమెరికాలో డఫ్ ఏబ్రమ్స్ నీటికీ సిమెంటుకీ ఉండే నిష్పత్తిని బట్టే కాంక్రీటు బలం ఉంటుందని ప్రయోగాలతో చూపాడు. ముద్ద ఎంత సులువుగా పారుతుందో చూడటానికి స్లంప్ పరీక్ష వచ్చింది. 30 సెంటీమీటర్ల ఎత్తు రేకు గరాటులో ముద్ద నింపి, గరాటు పైకి లాగి, ఎంత కుంగిందో చూడటమే.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీలో కూలిన ఊళ్ళ ఇటుకముక్కలతోనే కొత్త కాంక్రీటు పోశారు. చిక్కల్లా ఆ ముక్కలు నీళ్ళు పీల్చేస్తాయి. పాత కాంక్రీటు పగలగొట్టిన కంకరా అంతే, దానికి అంటుకున్న పాత సిమెంటు వల్ల. 1963లో రొమువాల్డి, బాట్సన్ ఉక్కు తీగలు పగుళ్ళను అడ్డుకుంటాయని చూపారు. అయితే పీచు కంకరను కదలనివ్వదు, సిమెంటు ముద్దను తన ఒంటికే పట్టుకుంటుంది. ఎక్కువైతే ఉండలు కడుతుంది. ఈ రెండూ కలిస్తే ముద్ద బిగుసుకుపోవడంలో వింతేముంది?

ఇదంతా నాకు తెలిసే నాలుగేళ్ళ కిందట బోల్తా పడ్డాను. మా వరండా పాత గచ్చు పగలగొట్టిన కంకరలోనే ప్లాస్టిక్ పీచు ప్యాకెట్టు వేయించాను. "కదలట్లేదు సార్, ఇంకో బకెట్టు పోద్దాం" అన్నాడు మేస్త్రీ. నేను ఊరుకున్నాను (సిగ్గుపడాల్సిన సంగతే). ఆరు నెలల్లో గచ్చు పిండిపిండిగా లేచిపోయింది. అది ఈశాన్యం మూల. ఇంకేం, వాస్తు దోషమని మా బావగారు తీర్పిచ్చేశారు!

తమాషా ఏమిటంటే, ఇక్కడ స్లంప్ పరీక్ష కూడా మోసం చేస్తుంది. పీచు కలిపిన ముద్ద కుంగకుండా మొండిగా నిలబడుతుంది గానీ, వైబ్రేటర్ పెడితే కదులుతుంది. అందుకే ఇలాంటి ముద్దకి కుదుపుతూ కొలిచే వీబీ పరీక్ష నయమంటారు.

రెండోసారి కంకర ముందురోజే నానబెట్టించాను, పైతడి ఆరాక కలిపించాను. నీళ్ళు పెంచకుండా ప్లాస్టిసైజర్ పోయించి, పీచు కొంచెం కొంచెంగా చల్లించి, వైబ్రేటర్ అద్దెకు తెచ్చాం. మూల మాత్రం ఆ ఈశాన్యం మూలే.